దేశవ్యాప్త కార్బన్ పన్ను: తరచుగా అడిగే ప్రశ్నలు

బొగ్గు, పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు కాలినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువుకు (కార్బన్ డయాక్సైడ్) టన్నుకు ఇంత అని వెల కట్టి, దేశమంతటా ఒకే తీరున పన్ను వేయాలా వద్దా అన్న చర్చ మన దేశంలో పదిహేనేళ్లుగా ఆగుతూ సాగుతూ వస్తోంది. పర్యావరణం పేరుతో మొదలైన ఆ చర్చ ప్రతిసారీ చివరకు డబ్బు లెక్కల దగ్గరే తెగుతుంది. అందువల్ల ఈ ప్రశ్నలలో ఎక్కువ భాగం డబ్బు గురించే ఉన్నాయి.

కార్బన్ పన్నుకూ మామూలు ఇంధన పన్నుకూ తేడా ఏమిటి?

మామూలు పన్ను సరుకు ధర మీదనో, లీటరు లెక్కననో పడుతుంది. కార్బన్ పన్ను మాత్రం ఆ ఇంధనం కాలితే గాలిలో ఎంత బొగ్గుపులుసు వాయువు చేరుతుందో ఆ బరువు మీద పడుతుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోలు, లీటరు డీజిలు కాలితే 2.7 కిలోలకు దగ్గరగా, మన దేశపు బొగ్గు టన్ను కాలితే నాణ్యతను బట్టి టన్నున్నర పైచిలుకు వాయువు వెలువడుతుంది. ముప్పాతిక కిలో తూగే లీటరు పెట్రోలు నుంచి రెండు కిలోలకు పైగా వాయువు ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. కాలేటప్పుడు ఇంధనంలోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను తనతో కలుపుకుంటుంది కాబట్టి ఆ బరువు పెరుగుతుంది.

మన దేశంలో ఇప్పటికే కార్బన్ పన్ను ఉందని కొందరు, లేదని కొందరు అంటారు. ఏది నిజం?

ఆ పేరుతో పన్ను లేదు. ఆ పని చేసే పన్నులు మాత్రం చాలాకాలంగా ఉన్నాయి, అయితే వాటి మధ్య పొంతన లేదు. 2022 మే నుంచి 2025 వరకు లీటరు పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజు సుంకం 20 రూపాయలకు అటూ ఇటూగా ఉంటూ వచ్చింది. లీటరుకు 2.3 కిలోల లెక్కన చూస్తే అది టన్ను వాయువుకు ఎనిమిదిన్నర వేల రూపాయలు దాటుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వసూలు చేసే వ్యాట్ దీనికి అదనం. అదే కాలంలో బొగ్గు మీద ఉన్న సెస్సు (ఒక ప్రత్యేక అవసరం పేరుతో వేసే అదనపు పన్ను) టన్ను బొగ్గుకు 400 రూపాయలు, అంటే టన్ను వాయువుకు సుమారు 250 రూపాయలు మాత్రమే. మోటారు సైకిలు నడిపే చిరుద్యోగి తాను వదిలే ప్రతి కిలో పొగకూ బొగ్గు కొలిమి చెల్లించిన దానికి ముప్పై రెట్లకు పైగా చెల్లించాడన్నమాట. పెట్రోలు పన్నులో రోడ్లకు వెళ్లే భాగమూ ఉంది కాబట్టి దానినంతా కార్బన్ పన్నుగా లెక్కించడం సరికాదన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ భాగం తీసివేసి చూసినా వ్యత్యాసం పెద్దదిగానే మిగులుతుంది.

2014–15 ఆర్థిక సర్వే కూడా, ముడి చమురు చౌకగా ఉన్న రోజులలో పెంచిన ఎక్సైజు సుంకాన్నీ బొగ్గు సెస్సునూ కలిపి, దేశం ఇంధన సబ్సిడీల నుంచి కార్బన్ పన్ను వైపు కదులుతోందని విశ్లేషించింది. కాబట్టి పన్ను ఉందా లేదా అన్నదాని కన్నా, ఉన్నదాన్ని ఏ ఇంధనం మీద ఎంతగా సరిచేయాలన్నది అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

బొగ్గు సెస్సు ఎప్పుడు మొదలైంది? ఆ డబ్బు ఏమైంది?

ఈ చర్చలో జనానికి అన్నింటికన్నా తక్కువగా తెలిసిన, అన్నింటికన్నా ఎక్కువగా తెలియవలసిన విషయం ఇది. 2010–11 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి ప్రణబ్ ముఖర్జీ బొగ్గు, లిగ్నైట్, పీట్ మీద టన్నుకు 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్సును ప్రకటించారు. దేశంలో తవ్వినదానికీ దిగుమతి అయినదానికీ అది వర్తించింది. ఆ డబ్బుతో జాతీయ స్వచ్ఛ ఇంధన నిధిని ఏర్పాటు చేసి, సౌర, పవన విద్యుత్తు వంటి పనులకు ఖర్చు చేస్తామన్నది మాట. అరుణ్ జైట్లీ ఆర్థిక మంత్రిగా ఉండగా ఆ సెస్సు 2014లో 100, 2015లో 200, 2016లో 400 రూపాయలకు చేరింది. ఆరేళ్లలో ఎనిమిది రెట్లు పెరిగినా వీధిలో ఒక్క నిరసన కూడా కనిపించలేదు. బొగ్గు నేరుగా ఇంటికి వచ్చే సరుకు కాదు, అది కరెంటు బిల్లులో కలిసిపోయి వస్తుంది కాబట్టి చెల్లిస్తున్న సంగతి చెల్లించేవారికే తెలియలేదు.

దీన్ని దగ్గరగా చూడాలంటే పెద్దపల్లి వైపు రైల్వే గేటు పడినప్పుడు నిలబడి ఎదుట పోయే గూడ్సు బండిని లెక్కపెట్టవచ్చు. 58 వ్యాగన్లున్న ఒక బండి సుమారు 3,800 టన్నుల బొగ్గు మోస్తుంది. సెస్సు 400 ఉన్న రోజులలో ఆ ఒక్క బండి మీద ప్రభుత్వానికి చేరింది 15 లక్షల రూపాయలు. గేటు దగ్గర ఆగిన ఆటోలోని ప్రయాణికులు ఆ డబ్బులో తమ వంతును నెలనెలా కరెంటు బిల్లుతో కడుతూనే ఉన్నారు.

2010–11 నుంచి 2017–18 వరకు ఈ సెస్సు ద్వారా సుమారు 86 వేల కోట్ల రూపాయలు వసూలయ్యాయి. అందులో నిధికి బదిలీ అయింది 30 వేల కోట్లకు దగ్గరగా మాత్రమే. ప్రాజెక్టులకు నిజంగా చేరింది దాదాపు 16 వేల కోట్లు. మిగిలినదంతా ప్రభుత్వ సాధారణ ఖర్చులో కలిసింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు పాత సెస్సును రద్దు చేసి, అదే 400 రూపాయలను జీఎస్టీ పరిహార సెస్సుగా మార్చారు. దాంతో ఆ డబ్బు రాష్ట్రాల ఆదాయ నష్టం పూడ్చడానికీ, కోవిడ్ కాలంలో అందుకోసం తెచ్చిన అప్పులు తీర్చడానికీ వెళ్లింది. రాష్ట్రాలకు పరిహారం అవసరమే, అందులో తప్పు పట్టవలసినది లేదు. కానీ స్వచ్ఛ ఇంధనం కోసమని చెప్పి మొదలుపెట్టిన వసూలుకు ఆ పేరు కూడా మిగలలేదు. ఇప్పుడు కొత్త కార్బన్ పన్ను గురించి ఎవరు మాట్లాడినా, పాతదాని లెక్క ముందు చెప్పమని అడిగే హక్కు జనానికి ఉంది.

2025లో ఆ సెస్సును తీసివేశారు కదా, బొగ్గు మీద పన్ను తగ్గిందా?

కొంత బొగ్గు మీద తగ్గింది, కొంత బొగ్గు మీద పెరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి టన్నుకు 400 రూపాయల పరిహార సెస్సును ఎత్తివేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. టన్ను 1,500 రూపాయల బొగ్గు మీద అంతకుముందు జీఎస్టీ, సెస్సు కలిపి 475 రూపాయలు పడేది, ఇప్పుడు 270 పడుతుంది. టన్ను 4,000 రూపాయల బొగ్గు మీద 600 పడేది, ఇప్పుడు 720 పడుతుంది. మూడు వేల రూపాయల పైచిలుకు ధర దగ్గర రెండూ సమానమవుతాయి. అంటే ఎక్కువ బూడిద ఉండే చౌక బొగ్గుకు ఊరట, మంచి బొగ్గుకు భారం. బరువు మీద ఉన్న పన్నును ధర మీదకు మార్చడం వల్ల, కార్బన్ పన్ను వైపు వేసిన అడుగు వెనక్కు పడింది. కరెంటు జీఎస్టీ పరిధిలో లేదు కాబట్టి విద్యుత్ కేంద్రాలు బొగ్గు మీద కట్టిన పన్నును తిరిగి రాబట్టుకోలేవు, అది యూనిట్ ధరలోకి చేరుతుంది.

టన్ను వాయువుకు వెయ్యి రూపాయల పన్ను వేస్తే మామూలు కుటుంబం మీద ఎంత పడుతుంది?

వెయ్యి రూపాయలన్నది ఎవరూ ప్రతిపాదించిన అంకె కాదు, లెక్క వేయడానికి అనువుగా ఎంచుకున్నది. దేశంలో యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల వాయువు వెలువడుతుందనుకుంటే యూనిట్‌కు 70 పైసలు, నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి 105 రూపాయలు అదనంగా పడతాయి. 14.2 కిలోల గ్యాసు బండకు 42 రూపాయలు, లీటరు పెట్రోలుకు రెండు రూపాయల ముప్పై పైసలు, 50 కిలోల సిమెంటు బస్తాకు సుమారు 30 రూపాయలు పెరుగుతాయి. వీటికి తోడు డీజిలు భారం కూరగాయల లారీ నుంచి వరికోత యంత్రం వరకు పాకుతుంది.

పెట్రోలు కన్నా కరెంటు మీదనే దెబ్బ పెద్దదిగా కనిపించడానికి కారణం, ఇప్పటివరకు బొగ్గు మీద పన్ను తక్కువగా ఉండడమే. డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) వేసే సర్దుబాటు చార్జీలు, ట్రూఅప్ చార్జీలతో, అంటే అంచనాకు మించిన ఖర్చును తరువాత బిల్లులో కలిపే చార్జీలతో, విసిగిన వినియోగదారుకు యూనిట్‌కు 70 పైసలన్నది చిన్న మాట కాదు. వంటగ్యాసు విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. బండ ధర పెరిగితే పేద ఇల్లాలు కట్టెల పొయ్యికి మళ్లుతుంది, ఆ పొగ ముందు ఆమె ఊపిరితిత్తులకే చేరుతుంది. అందుకే ఏ కార్బన్ పన్నయినా గృహ వంటగ్యాసును మినహాయించాలన్న వాదనను నేను సమర్థిస్తాను.

మన తలసరి ఉద్గారాలు తక్కువ కదా, మనమెందుకు పన్ను కట్టాలి?

రాజకీయ వేదికల మీద గట్టిగా వినిపించే వాదన ఇది, దీనికి బలమైన ఆధారమూ ఉంది. మొత్తం ఉద్గారాలలో భారత్ ప్రపంచంలో మూడో స్థానంలో ఉన్నా, తలసరి లెక్కన మన వాటా ఏడాదికి రెండు టన్నుల చిల్లర. ప్రపంచ సగటు అందుకు రెట్టింపు పైన ఉంటుంది, అమెరికాలో సుమారు 14 టన్నులు. వాతావరణ ఒప్పందాలలో మన దేశం పట్టుబట్టి నిలిపిన సూత్రం కూడా ఇదే: బాధ్యత అందరిదీ, కానీ అందరికీ సమానం కాదు. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించిన నికర శూన్య ఉద్గారాల (వదిలే వాయువూ గాలి నుంచి తొలగించే వాయువూ సమానం కావడం) గడువు మనకు 2070.

అయితే దేశాల మధ్య న్యాయం అడిగినప్పుడు దేశం లోపలి న్యాయం గురించి కూడా మాట్లాడక తప్పదు. ఆ రెండు టన్నులన్నది సగటు మాత్రమే. హైదరాబాదులో మూడు ఏసీలు, రెండు కార్లు ఉన్న ఇంటినీ, ఏజెన్సీ గూడెంలో ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న ఇంటినీ కలిపితే వచ్చిన సగటు అది. గూడెం పేదరికాన్ని చూపించి నగరపు వాడకానికి మినహాయింపు కోరడం నాకు సమంజసంగా తోచదు.

యూరప్ సరిహద్దు పన్నుకూ మన చర్చకూ సంబంధం ఏమిటి?

యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు మీద, వాటి తయారీలో వెలువడిన వాయువుకు వెల కట్టే కార్బన్ సర్దుబాటు విధానాన్ని తెచ్చింది. 2023 అక్టోబరు నుంచి వివరాలు సమర్పించే దశ నడిచింది, 2026 జనవరి 1 నుంచి చెల్లింపు బాధ్యత మొదలైంది. మన ఉక్కు ఎక్కువగా బొగ్గు కొలిముల నుంచి వస్తుంది కాబట్టి భారమూ ఎక్కువే. దీనిని ఏకపక్షమైన వాణిజ్య అడ్డంకిగా భారత్ వ్యతిరేకిస్తూ వచ్చింది.

ఆ చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. సరుకు తయారైన దేశంలోనే కార్బన్‌కు ధర చెల్లించి ఉంటే ఆ మేరకు యూరప్‌లో తగ్గిస్తారు. ఇక్కడ వసూలు చేయకపోతే ఆ డబ్బు అక్కడి ఖజానాకు పోతుందన్న వాదన దీని నుంచే పుట్టింది. ఎగుమతి అయ్యే ఉక్కు విషయంలో ఆ వాదన నిలుస్తుంది. కానీ మనం తయారుచేసే ఉక్కులో అత్యధిక భాగం మన దేశంలోనే ఖర్చవుతుంది. కొద్దిపాటి ఎగుమతి కోసం ఇంటి కడ్డీ ధరను కూడా పెంచాలా అని ఎవరైనా అడిగితే, దానికి ‘యూరప్’ అన్న ఒక్క మాట జవాబు కాజాలదు.

కార్బన్ క్రెడిట్ల మార్కెట్ వస్తోంది కదా, ఇక పన్ను ఎందుకు?

2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేశారు. 2025 అక్టోబరులో అల్యూమినియం, సిమెంటు, క్లోర్ ఆల్కలీ, కాగితం పరిశ్రమలకు మొదటి లక్ష్యాలు ఇచ్చారు. తాడిపత్రి, జగ్గయ్యపేట, హుజూర్‌నగర్, తాండూరు చుట్టుపక్కల సిమెంటు పరిశ్రమ విస్తరించి ఉంది కాబట్టి ఈ పథకం ప్రభావం మన రెండు రాష్ట్రాలలో త్వరగానే కనిపిస్తుంది. ఇక్కడ లెక్కించేది మొత్తం ఉద్గారాలను కాదు, టన్ను ఉత్పత్తికి ఎంత అన్నదాన్ని. లక్ష్యం కన్నా బాగా చేసిన ఫ్యాక్టరీకి క్రెడిట్లు వస్తాయి, వెనకబడినది వాటిని కొనుక్కోవాలి. డబ్బు ఫ్యాక్టరీల మధ్యనే చేతులు మారుతుంది, ఖజానాకు రాదు, జనానికీ రాదు. పైగా ఉద్గారాలలో అతి పెద్ద వాటా ఉన్న బొగ్గు విద్యుత్ కేంద్రాలు, లక్ష్యాలు అందుకున్న ఆ మొదటి రంగాలలో లేవు. అందువల్ల మార్కెట్ ఉన్నంత మాత్రాన పన్ను చర్చ ముగిసినట్టు కాదు.

రాష్ట్రాలు ఎందుకు అనుమానిస్తున్నాయి?

సెస్సు అన్న మాటే కారణం. రాజ్యాంగంలోని 270వ అధికరణ ప్రకారం సెస్సులు, సర్‌చార్జీల ద్వారా వచ్చే డబ్బును కేంద్రం రాష్ట్రాలతో పంచుకోనక్కరలేదు. 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన 41 శాతం వాటా ఆ డబ్బుకు వర్తించదు. కార్బన్ పన్ను కూడా సెస్సు రూపంలోనే వస్తే, గనుల దుమ్మూ కరెంటు ధరల తిట్లూ రాష్ట్రాలకు, ఆదాయం ఢిల్లీకి అన్న ఫిర్యాదు తప్పదు. బొగ్గు మీద రాయల్టీ (తవ్విన ఖనిజానికి చెల్లించే రుసుము) రాష్ట్రాలకు వస్తున్నా, వాడకం తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. రాయల్టీ పన్ను కాదనీ, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందనీ సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2024 జూలైలో 8–1 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. ఆ తీర్పు తరువాత కేంద్రం ఒక పన్ను, రాష్ట్రం ఒక పన్ను వేసే అవకాశం కూడా ఉంది కనుక ముందే ఒప్పందం కుదుర్చుకోవడం అవసరం.

సింగరేణి కార్మికుల సంగతి ఏమిటి?

సింగరేణిలో తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. దాదాపు 40 వేల మంది ఉద్యోగులు, వారికి తోడు కాంట్రాక్టు కార్మికులు, వారి మీద బతికే కొత్తగూడెం, గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి పట్టణాలు ఈ లెక్కలో ఉన్నాయి. పన్ను వేసిన మరునాడే గనులు మూతపడవు. 2024–25లో దేశంలో బొగ్గు ఉత్పత్తి వంద కోట్ల టన్నులు దాటింది, ఆ వాడకం ఒక్కసారిగా పడిపోయేది కాదు. కానీ గనులు మూతపడ్డాక ఊరు ఎలా పలుచబడుతుందో బెల్లంపల్లి ప్రజలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. కారుణ్య నియామకం మీద ఆశ పెట్టుకున్న కొడుకుకు, అసలు ఆ వరుసలోనే లేని కాంట్రాక్టు కార్మికుడి కూతురికి పన్ను డబ్బులో చట్టబద్ధమైన వాటా రాసి ఉంచాలి. గని మూసే రోజున ప్యాకేజీ ప్రకటిస్తామంటే అప్పటికి ఆలస్యమవుతుంది.

ఇతర దేశాలలో ఏం జరిగింది?

ఆస్ట్రేలియాలో అప్పటి ప్రధాని జూలియా గిల్లార్డ్ 2010 ఎన్నికల ముందు కార్బన్ పన్ను ఉండదని చెప్పి, గెలిచాక 2012 జూలై నుంచి టన్నుకు 23 డాలర్ల ధర అమలు చేశారు. పరిహారంగా ఆదాయపు పన్ను మినహాయింపు పరిమితిని 6,000 నుంచి 18,200 డాలర్లకు పెంచినా, మాట తప్పారన్న నిందే జనం మనసులో నిలిచింది. టోనీ అబాట్ ప్రభుత్వం 2014లో ఆ చట్టాన్ని రద్దు చేసింది.

కెనడా అనుభవం ఇంకా లోతైనది. అక్కడి తెలుగు కుటుంబాలు కూడా దాన్ని నేరుగా చూశాయి. 2019లో టన్నుకు 20 డాలర్లతో మొదలై 2024 నాటికి 80 డాలర్లకు చేరిన ఇంధన చార్జీలో దాదాపు 90 శాతాన్ని తిరిగి కుటుంబాలకే ఇచ్చారు. 2021లో అక్కడి సుప్రీంకోర్టు కూడా ఆ చట్టాన్ని సమర్థించింది. అయినా అది నిలవలేదు. మొదటి ఏళ్లలో ఆ డబ్బు ఆదాయపు పన్ను రిటర్నులో కలిసి వచ్చినందువల్ల చాలామంది దాన్ని గుర్తించలేదు; పెట్రోలు బంకులో కట్టింది మాత్రం ప్రతివారం గుర్తుంది. 2023 అక్టోబరులో ఇళ్లను వేడి చేసే నూనెకు మాత్రమే మినహాయింపు ఇవ్వడంతో, ఎక్కువ లాభం తూర్పు తీర రాష్ట్రాలకే చేరిందని మిగిలిన రాష్ట్రాలు మండిపడ్డాయి. మార్క్ కార్నీ 2025 మార్చిలో ప్రధాని అయిన రోజునే వినియోగదారుల చార్జీని ఎత్తివేసే నిర్ణయం తీసుకున్నారు. పరిశ్రమల మీది కార్బన్ ధర కొనసాగింది. ఫ్రాన్స్‌లో 2018 నాటి పసుపు చొక్కాల ఉద్యమం కూడా ఇంధన పన్ను పెంపు నుంచే పుట్టింది. స్వీడన్‌లో మాత్రం 1991 నుంచి ఈ పన్ను నిలిచి ఉంది.

పన్ను డబ్బును జనానికి నేరుగా తిరిగి ఇవ్వడం మన దగ్గర సాధ్యమా?

యంత్రాంగం ఉంది, నమ్మకం తక్కువగా ఉంది. వంటగ్యాసు సబ్సిడీని బ్యాంకు ఖాతాలో వేసే పద్ధతి 2015 నాటికి దేశమంతటా వచ్చింది. 2020 మధ్య నుంచి ఉజ్వల (పేద ఇళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చే కేంద్ర పథకం) లబ్ధిదారులు కాని చాలామందికి ఆ జమ నామమాత్రమైంది లేదా పూర్తిగా ఆగిపోయింది. బండకు పూర్తి ధర కట్టండి, సబ్సిడీ ఖాతాలో పడుతుంది అన్న మాట విన్నవారు మరోసారి అదే మాట వింటే వెంటనే నమ్ముతారని ఆశించలేం. కాబట్టి తిరిగి ఇచ్చే మొత్తాన్ని అధికారుల ఇష్టానికి వదలకుండా, వసూలులో ఇంత శాతమని చట్టంలోనే రాయాలి. జమ అయినప్పుడు పాస్‌పుస్తకంలో ఆ పేరు విడిగా కనిపించాలి. భూమి రికార్డు ఆధారంగా ఇస్తే కౌలు రైతులు, కూలీలు మళ్లీ మిగిలిపోతారు. రేషన్ కార్డు ఆధారంగా ఇవ్వడం అంతకన్నా మేలు.

ఈ చర్చలో పౌరులు ఎక్కడ మాట్లాడగలరు?

పార్లమెంటు దాకా పోకుండానే ఒక చోటు ఉంది. కరెంటు ధరలు నిర్ణయించే ముందు రెండు రాష్ట్రాలలోనూ విద్యుత్ నియంత్రణ మండళ్లు బహిరంగ విచారణ జరుపుతాయి. అక్కడ ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు, నిలబడి మాట్లాడవచ్చు. డిస్కంలు చూపే ఇంధన వ్యయంలో బొగ్గు ధర ఎంత, దాని మీది పన్ను ఎంత, రైలు రవాణా ఎంత అని విడివిడిగా చూపించమని అడగవచ్చు. 2025 మార్పు తరువాత తమ కేంద్రాలకు వచ్చే బొగ్గు మీద పన్ను పెరిగిందా తగ్గిందా, తగ్గితే ఆ మేరకు యూనిట్ ధర తగ్గిందా అన్నది ఈ విచారణలలో అడగవలసిన మొదటి ప్రశ్న.